ఆటిజం అనుమానంతో నెట్‌లో రాసే పరీక్షలు: ఏది ఎంతవరకు నమ్మొచ్చు

పద్దెనిమిది దాటాక "నాకు ఆటిజం ఉందేమో" అనో "మావాడికి ఉందేమో" అనో అనుమానం వచ్చినవాళ్లు మొదట చేసే పని ఫోన్‌లో ఏదో ఒక పరీక్ష రాయడం. ఐదు నిమిషాల్లో ఒక అంకె వస్తుంది. అది ఎక్కువైతే కొందరికి ఆ రాత్రి నిద్ర ఉండదు. తక్కువైతే కొందరు హమ్మయ్య అనుకుని ఆ ఊసే వదిలేస్తారు. రెండూ తొందరపాటే. ఎక్కువమంది వాడే నాలుగు ప్రశ్నావళులు ఏక్యూ-10, ఏక్యూ-50, రాడ్స్-ఆర్, క్యాట్-క్యూ. ఇవి ఏం పట్టుకుంటాయి, ఎక్కడ బోల్తా కొడతాయి, ఆ తర్వాత నిపుణుల దగ్గర డబ్బు కట్టి చేయించుకునే పూర్తి అంచనాలో ఏం ఉండాలి అన్నది ఈ సమీక్ష. మా తీర్పు ముందే చెప్పేస్తాం. స్కోరు కోసమైతే వీటిలో ఏదీ రాయక్కర్లేదు. ఒక్కో ప్రశ్న పక్కన మీ జీవితంలోంచి ఒక ఉదాహరణ రాసుకునే ఓపిక ఉంటే మాత్రం రెండు ప్రశ్నావళులు, ఏక్యూ-10, రాడ్స్-ఆర్, తప్పక రాయదగ్గవి.

అసలు వెతుకుతున్నది దేన్ని

2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇచ్చే పుస్తకం) లెక్క ప్రకారం చూడాల్సిన లక్షణాలు రెండు వర్గాలు. మొదటిది మనుషులతో మెలగడం. ఇందులో మూడు అంశాలు: మాటకు మాట కలుపుతూ సంభాషణ నడపడం; చూపు, ముఖకవళికలు, చేతి సైగలు, గొంతులో ఎత్తుపల్లాలు వాడటం, ఎదుటివాళ్లవి అర్థం చేసుకోవడం; స్నేహాలు కలుపుకోవడం, నిలుపుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండో వర్గంలో నాలుగు: ఒకే కదలికనో మాటనో మళ్లీ మళ్లీ చేయడం; అలవాటైన పద్ధతి మారితే తట్టుకోలేకపోవడం; ఒకటి రెండు విషయాల మీద మామూలుకు మించిన పట్టు; శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శలకు అతిగానో అతి తక్కువగానో స్పందించడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. ఇప్పుడు కనబడకపోయినా ఒకప్పుడు ఉండేవని తెలిస్తే అదీ లెక్కలోకి వస్తుంది. వీటికి తోడు, మొదలు చిన్నతనంలోనే ఉండాలి. చదువులోనో ఉద్యోగంలోనో రోజువారీ పనుల్లోనో చెప్పుకోదగ్గ ఇబ్బంది కూడా ఉండాలి.

మూడింట మూడు, నాలుగింట రెండు. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే "ఈ ఐదు లక్షణాలుంటే మీకు ఆటిజమే" అనే నిమిషం వీడియోల పస ఎంతో తేలిపోతుంది. బిడియం, ఒంటరిగా ఉండాలనుకోవడం, గోల అంటే చిరాకు, ఇవన్నీ కలిపినా ఆ లెక్కకు చాలవు.

ఇరవై ఏళ్ల మనిషిలో ఇవి చిన్నపిల్లల్లో కనిపించినట్టు కనిపించవు. అందుకే ఇంట్లోవాళ్లకూ, ఒక్కోసారి డాక్టర్లకూ దొరకవు. కళ్లలోకి చూడకపోవడమే తీసుకోండి. ఈ వయసుకు చాలామంది చూడటం నేర్చేసుకుంటారు. కాకపోతే కనుబొమల మధ్య చూస్తారు, లేదా ఎంతసేపు చూడాలో మనసులో లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్కలో పడి అవతలివాళ్లు చెప్పింది సగం చెవికెక్కదు. "కళ్లలోకి చూసే మాట్లాడుతున్నాడుగా, ఆటిజం ఏంటి?" అనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: అలా చూడటానికి ఎంత శ్రమ పడుతున్నాడు?

స్నేహితులు అసలే ఉండరన్నదీ తప్పే. ఉంటారు. పిలవడం ఎప్పుడూ అవతలివాళ్ల వంతే. చదువు అయిపోయి తలో దారీ పట్టగానే ఆ స్నేహం చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, పని లేకుండా ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియదు కాబట్టి. ఫోన్ చేయక తప్పకపోతే చెప్పాల్సింది ముందు కాగితం మీద రాసుకుంటారు. అవతలి మనిషి ఆ వరసలో లేని ప్రశ్న ఒక్కటి అడిగితే అంతా చెదిరిపోతుంది.

సూచనగా అన్న మాటలు అందకపోవడం ఇంకో బలమైన గుర్తు. మన మాటల్లో సగం పనులు నేరుగా చెప్పం. ఆఫీసులో "ఈ ఫైలు ఒకసారి చూడు" అంటే చదివి, తప్పులుంటే సరిచేసి పంపమని. నిజంగానే తెరిచి చూసి, మూసేసి, "చూశాను సార్" అనేవాళ్లుంటారు. "తలుపు తీసే ఉందే" అంటే "అవునండీ" అని కూర్చుంటారు. దాన్ని పొగరనో బద్ధకమనో అనుకుంటారు చుట్టుపక్కలవాళ్లు. రెండుసార్లు మాట పడ్డాక ఆ మనిషి ఒక నియమం తయారు చేసుకుంటాడు: తలుపు గురించి అంటే వేయమని అర్థం. మర్నాడు కిటికీ గురించి అంటే మళ్లీ మొదటికొస్తుంది. నియమాలు కూడబెట్టుకుంటూ బతకడం, నియమం లేని చోట నిలిచిపోవడం: పెద్దవాళ్లలో ఆటిజం ఎక్కువగా బయటపడేది ఇక్కడే.

రెండో వర్గం లక్షణాలూ వేషం మార్చుకునే వస్తాయి. చేతులు ఆడించే పిల్లవాడు పెద్దయ్యాక బల్ల కింద కాలు ఊపుతాడు, పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాడు, గోళ్ల పక్క చర్మం పీకుతాడు, ఒకే పాట రోజంతా తిప్పి తిప్పి వింటాడు. ఆసక్తి రైళ్లో గ్రహాలో కానక్కర్లేదు. ఒక నటుడు, ఒక వీడియోగేమ్, మేకప్, మనస్తత్వ శాస్త్రం ఏదైనా కావచ్చు. చూడాల్సింది విషయాన్ని కాదు, దాని పట్టును. అది దొరక్కపోతే తిండీ నిద్రా మర్చిపోయేంత బాధ ఉందా, అవతలివాళ్లు విసుగ్గా గడియారం చూస్తున్నా అదే మాట్లాడుతున్నాడా అన్నది అసలు ప్రశ్న. ఇక ఇంద్రియాల సంగతి: ట్యూబులైటు సన్నగా చేసే గీ శబ్దం, చొక్కా మెడ వెనక లేబుల్, పక్కనవాళ్లు నమిలే చప్పుడు, ఇవి చిరాకు పెట్టడమే కాదు, పని ఆపేస్తాయి. జనసమ్మర్దంలో రెండు గంటలు గడిపితే మర్నాడు మంచం దిగలేకపోవడమూ ఈ కోవలోదే.

ఇదంతా చాలామందిలో పద్దెనిమిది, ఇరవై రెండేళ్ల మధ్య ఎందుకు బయటపడుతుంది అంటే, అప్పటిదాకా ఉన్న ఆసరాలు ఒక్కసారిగా పోతాయి కాబట్టి. స్కూల్లో టైంటేబుల్ ఉంటుంది, ఇంట్లో అమ్మ గుర్తుచేస్తుంది, స్నేహితులు పక్క బెంచీలోనే ఉంటారు. కాలేజీలోనో ఉద్యోగంలోనో ఇవన్నీ తనే నడుపుకోవాలి. పరిస్థితుల ఒత్తిడి సామర్థ్యాన్ని మించేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చని డీఎస్ఎం-5 కూడా స్పష్టంగానే అంటుంది.

ఏక్యూ-10

పది ప్రశ్నలు, మూడు నిమిషాల పని, ఉచితం. 2012లో వచ్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, పెద్దవాళ్లను పూర్తి అంచనాకు పంపాలా వద్దా తేల్చుకోవడానికి దీన్ని సూచించింది. మేధోవైకల్యం ఒక మోస్తరుగానో తీవ్రంగానో ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

స్కోరు వేసుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. 1, 7, 8, 10 ప్రశ్నలకు "ఒప్పుకుంటాను" అంటే ఒక మార్కు. మిగతా ఆరింటికీ, అంటే 2, 3, 4, 5, 6, 9కి "ఒప్పుకోను" అంటే మార్కు. పూర్తిగా అన్నా కొంచెం అన్నా మార్కు ఒకటే. మధ్యస్థంగా ఏమీ లేదు, ఏదో ఒక పక్కకు మొగ్గాల్సిందే. గీత, అంటే ఆటిజం అనుమానించాల్సిన హద్దు, 6 దగ్గర. కొన్ని చోట్ల "6 దాటితే" అని రాస్తారు గానీ 6 వచ్చినా చాలు.

దీని లోపం ప్రశ్నల ఎంపికలో ఉంది. పదిలో ఇంద్రియాల గురించి ఉన్నది ఒక్కటే, చిన్న చిన్న శబ్దాలు వినబడటం గురించి. బాల్యం గురించి ఒక్కటీ లేదు. దినచర్య మారితే ఏమవుతుందని అడగదు. ఇంకో పెద్ద చిక్కు ఆరో ప్రశ్న: మీ మాటలు వింటున్నవాళ్లకు విసుగొస్తే మీకు తెలుస్తుందా? తెలియనివాళ్లకు, తెలియదన్న సంగతి ఎలా తెలుస్తుంది? "తెలుస్తుంది" అని ధీమాగా టిక్కు పెడతారు. అదే ప్రశ్న అక్కనో స్నేహితుణ్నో అడిగితే నవ్వేస్తారు. మొహం చూసి మనసులో ఏముందో పసిగట్టడం గురించిన తొమ్మిదో ప్రశ్నకూ ఇదే జబ్బు. అందుకని ఈ ప్రశ్నావళిని రెండుసార్లు నింపాలి: ఒకసారి మీరు, ఒకసారి మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లు మీ గురించి. రెండింటికీ మూడు మార్కులకు మించి తేడా వస్తే ఆ తేడా వచ్చిన ప్రశ్నలే అసలు సమాచారం.

అంకెల సంగతికొస్తే, దీన్ని తయారుచేసినప్పుడు ఆటిజం ఉన్నవాళ్లలో 88 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 91 శాతం మందిని సరిగ్గా వదిలేసింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దారినపోయే వెయ్యి మందికి దీన్ని ఇచ్చి చూడండి. వందకు ఒకరి లెక్కన పదిమందికి ఆటిజం ఉందనుకుంటే తొమ్మిదిమంది దొరుకుతారు. లేని 990 మందిలో 9 శాతం, అంటే దాదాపు 89 మంది కూడా గీత దాటతారు. మొత్తం 98 మందిలో నిజంగా ఉన్నది తొమ్మిదిమందికి. సరదాకు రాసి 7 వచ్చిందని బెంబేలెత్తేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఇది రెండోవైపూ కోస్తుంది. ఆటిజం అనుమానంతో క్లినిక్‌కు వచ్చిన పెద్దవాళ్ల మీద 2016లో వచ్చిన పరిశీలనలో, ఏక్యూలో గీత కిందే ఆగిపోయినవాళ్లలో 64 శాతం మందికి పూర్తి అంచనాలో ఆటిజం ఉందని తేలింది. తక్కువ స్కోరు వచ్చిందని బలమైన అనుమానాన్ని కొట్టేయొద్దు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి అడుగుగా ఐదుకు మూడు మార్కులు ఇవ్వొచ్చు. ఖర్చు లేదు, ప్రశ్నలు తేలిక, డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఏక్యూ-50

2001లో సైమన్ బారన్-కోహెన్ బృందం కేంబ్రిడ్జ్‌లో తయారుచేసినది. ఏక్యూ-10 దీని చిన్న కూతురు. యాభై ప్రశ్నలు, ఐదు భాగాలు, 32 దగ్గర గీత. మొదటి అధ్యయనంలో ఆటిజం ఉన్నవాళ్ల సగటు 35.8, మామూలు జనం సగటు 16.4. క్లినిక్‌కు వచ్చేవాళ్ల విషయంలో 26ను గీతగా తీసుకోవాలని తర్వాత సూచించారు. అందుకే ఒక సైటు "లేదు" అన్న స్కోరుకే ఇంకో సైటు "ఉండొచ్చు" అంటుంది. ప్రశ్నల్లో కొన్ని కాలం చెల్లిన మూసలోవి. కారు నంబర్లు గమనించడం, తేదీల మీద మోజు, మ్యూజియమా నాటకమా అనేవి. తన ఆసక్తి మనుషుల మీదో కథల మీదో ఉన్న అమ్మాయికి ఇందులో మార్కులు పడవు. ఏక్యూ-10 రాశాక దీనివల్ల కొత్తగా తెలిసేది పెద్దగా లేదు. వదిలేసినా నష్టం లేదు.

రాడ్స్-ఆర్

ఈ నాలుగింటిలో మేం అన్నిటికన్నా గట్టిగా సిఫారసు చేసేది ఇదే. అయితే స్కోరు చూడకూడదన్న షరతు మీద. 2011లో వచ్చింది. ఎనభై వాక్యాలు, నాలుగు భాగాలు: మనుషులతో మెలగడం మీద 39, ఇంద్రియాలు, కదలికల మీద 20, పరిమిత ఆసక్తుల మీద 14, భాష మీద 7. ప్రతి వాక్యానికీ నాలుగు జవాబులు: ఇప్పుడూ చిన్నప్పుడూ నిజమే, ఇప్పుడు మాత్రమే నిజం, పదహారేళ్ల లోపే నిజం, ఎప్పుడూ కాదు. వరసగా 3, 2, 1, 0 మార్కులు. పదిహేడు వాక్యాలకు మాత్రం ఇది తిరగబడుతుంది. మొత్తం 240, గీత 65.

మార్కులు ఎంత సులువుగా పెరుగుతాయో చూడండి. ఎనభైలో ఇరవై రెండు వాక్యాలకు "ఇప్పుడూ చిన్నప్పుడూ నిజమే" అంటే 66. గీత దాటినట్టే. తయారుచేసినవాళ్లు మొదట ఉన్నవాళ్లను పట్టుకోవడంలో 97 శాతం, లేనివాళ్లను వదిలేయడంలో 100 శాతం కచ్చితత్వం అని ప్రకటించారు గానీ, అప్పుడు దాన్ని నింపించింది నిపుణులు ఎదురుగా కూర్చుని, అర్థం కానిచోట విడమరిచి చెబుతూ. ఇంట్లో ఒంటరిగా ఫోన్‌లో నింపితే ఆ కచ్చితత్వం నిలవదు. పెద్దవాళ్ల క్లినిక్ ఒకదానిలో చేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో, ఆటిజం లేదని తేలినవాళ్లు కూడా దాదాపు అందరూ 65 దాటేశారు. ఆందోళన, కుంగుబాటు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం) ఉన్నవాళ్లకు ఇందులో సగం వాక్యాలు తమ గురించే రాసినట్టుంటాయి.

మరి ఎందుకు సిఫారసు చేస్తున్నాం? ఆ నాలుగు నిలువు వరసల వల్ల. చిన్నప్పటి సంగతీ ఇప్పటి సంగతీ విడివిడిగా అడిగేది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. నింపాక మార్కులు కూడొద్దు, టిక్కులు ఎక్కడ గుమిగూడాయో చూడండి. "ఇప్పుడు మాత్రమే" వరసలో ఎక్కువ పడితే, ఏదో ఈమధ్య మొదలైందన్నమాట. ఆటిజం ఇరవయ్యో ఏట మొదలవదు. కుంగుబాటో, ఆందోళనో, నిద్రలేమో, ఏదైనా దెబ్బ తిన్న అనుభవమో ముందు చూడాలి. "పదహారేళ్ల లోపే" వరస నిండితే, పోయిందా లేక దాచడం వచ్చిందా అని అడగాలి. మొదటి వరసే నిండి, అదీ నాలుగు భాగాల్లోనూ పరుచుకుంటే అనుమానానికి బలం ఉన్నట్టు. ఒక్క మెలగడం భాగంలోనే నిండి ఇంద్రియాలు, ఆసక్తుల భాగాలు ఖాళీగా ఉంటే, పైన చెప్పిన "నాలుగింట రెండు" లెక్క తేలడం కష్టం. సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురిలో మెలగాలంటే భయం, వైపు చూడటం మేలు.

నింపే పద్ధతి కూడా ముఖ్యం. ఒకే విడతలో ఎనభై నింపితే చివరి ముప్పై విసుగుతో పడిన టిక్కులే. రోజుకు ఇరవై చొప్పున నాలుగు రోజులు చేయండి. ప్రింటు తీసుకుని పక్కన మార్జిన్‌లో ఒక్కో వాక్యానికి ఒక సంఘటన రాయండి: ఎక్కడ, ఏ వయసులో, ఏం జరిగింది, ఎవరేమన్నారు. "శబ్దాలు పడవు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. "ఏడో తరగతిలో గంట కొట్టే ముందే చెవులు మూసుకునేవాణ్ని, అందుకు అందరూ నవ్వేవాళ్లు, ఇప్పుడు మిక్సీ వేస్తే గదిలోంచి వెళ్లిపోతాను" అని రాస్తే అరపేజీ రిపోర్టుతో సమానం. సంఘటన గుర్తు రాని వాక్యానికి టిక్కు పెట్టొద్దు. ఈ ఒక్క నియమంతోనే ఉత్తుత్తి మార్కులు చాలావరకు రాలిపోతాయి.

క్యాట్-క్యూ

2019లో వచ్చిన దీని పని ఆటిజాన్ని పట్టుకోవడం కాదు. ఆ లక్షణాలను ఎంతగా కప్పిపుచ్చుకుంటున్నారో కొలవడం. ఇరవై ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7, మొత్తం 25 నుంచి 175 దాకా. నవ్వాల్సిన చోట ముందే సాధన చేసి నవ్వడం, వేరేవాళ్ల మాటతీరు, సైగలు అచ్చుగుద్దినట్టు దింపడం, జనంలో ఉన్నప్పుడు నటిస్తున్నట్టు అనిపించడం లాంటివి అడుగుతుంది.

చాలా సైట్లు 100ను గీతగా చూపిస్తాయి. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. ఏమీ చదవకుండా అన్నింటికీ మధ్యలోని 4 కొట్టుకుంటూ పోయినా సరిగ్గా 100 వస్తుంది. పైగా సోషల్ యాంగ్జయిటీ ఉన్నవాళ్లూ జనంలో తమను తాము కప్పుకుంటారు, వాళ్ల స్కోరూ పెరుగుతుంది. కాబట్టి విడిగా దీని స్కోరుకు విలువ లేదు. పనికొచ్చే సందర్భం ఒక్కటే: రాడ్స్-ఆర్‌లో చిన్నప్పటి టిక్కులు నిండుగా ఉండి, ఇప్పటివి తక్కువగా ఉన్నప్పుడు. మధ్యలో ఏం జరిగిందో ఇది చెబుతుంది. బయట చక్కగా నెగ్గుకొచ్చి, ఇంటికి రాగానే మాట పెగలక గంటల తరబడి గోడవైపు తిరిగి పడుకునే అమ్మాయిల విషయంలో ముఖ్యంగా.

యాప్‌లలో "మీకు 73 శాతం ఆటిజం" అని చెప్పే క్విజ్‌ల గురించి ఒక్క మాట చాలు. ఆటిజానికి శాతాలు లేవు. చివర్లో ఈమెయిల్ అడిగి కోర్సో మందో అమ్మేవాటికి సున్నా.

ఆటిజంలా కనబడేవి

అన్నిట్లో ఎక్కువగా కలగాపులగం అయ్యేది సోషల్ యాంగ్జయిటీ. తేడా పట్టే తేలిక మార్గం, భయం లేని చోట ఏమవుతోందో చూడటం. ఇంట్లో, బాగా దగ్గరివాళ్ల మధ్య మాటలు అందుకుంటూ, ఎత్తిపొడుపులు అర్థం చేసుకుంటూ, నవ్విస్తూ హాయిగా ఉండి, కొత్తవాళ్ల ముందు బిగుసుకుపోతే అది భయమే అయ్యుండొచ్చు. భయం ఏమీ లేకపోయినా సూచనలు అందకపోతే ఆలోచించాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లూ మాటకు అడ్డొస్తారు, పరధ్యానంగా ఉంటారు. కానీ వాళ్లకు కొత్తదనం కావాలి, ఆటిజంలో అలవాటైనదే కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. డీఎస్ఎం-5 వచ్చాక రెండు నిర్ధారణలూ కలిపి ఇవ్వడానికి అడ్డు లేదు. ఓసీడీలో పదేపదే చేసే పని ఆ మనిషికే ఇష్టముండదు, చేయకపోతే ఏదో కీడు జరుగుతుందన్న భయంతో చేస్తాడు. ఆటిజంలో ఆ పునరావృతం ఊరటనిస్తుంది. వినికిడి తగ్గిందేమో కూడా ఒకసారి పరీక్ష చేయించండి. గోలలో మాట అర్థం కాకపోవడానికి అదీ కారణం కావచ్చు, చవకగా తేలిపోయే విషయం.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఈ ప్రశ్నావళులన్నీ పక్కన పడేయండి. బాగా కలివిడిగా ఉన్న మనిషి కొద్ది వారాల్లో, నెలల్లో ముడుచుకుపోవడం, ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, లేని గొంతులు వినబడటం, మాట గాడి తప్పడం, నిద్ర పోకపోవడం ఉంటే అది ఆటిజం ఆనవాలు కాదు. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక జబ్బు) ఎక్కువగా ఆ వయసులోనే మొదలవుతుంది, వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. చనిపోవాలనే ఆలోచనలు ఉన్నా అంతే, అంచనా తేదీ కోసం ఆగకూడదు.

పూర్తి అంచనా: డబ్బు కట్టే ముందు ఏం అడగాలి

అసలు సేవ ఇదే, అసలు తేడాలున్నదీ ఇక్కడే. మంచి అంచనాకు మూడు కాళ్లు: ఇప్పటి మనిషిని నేరుగా గమనించడం, బాల్య చరిత్ర, రోజువారీ జీవితంలో ఇబ్బంది.

గమనించడానికి ఎక్కువగా వాడేది ఏడాస్-2 అనే పరీక్ష. ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్లకు నాలుగో మాడ్యూల్ వాడతారు, 40 నుంచి 60 నిమిషాలు పడుతుంది. చూడటానికి మామూలు కబుర్లలా ఉంటుంది. బొమ్మ చూసి కథ చెప్పమంటారు, స్నేహం, పని, భావోద్వేగాల గురించి అడుగుతారు. జవాబు తప్పా ఒప్పా అన్నది కాదు, మాటను ఎలా అందుకున్నారు, చూపూ మాటా సైగా కలిసి నడిచాయా అన్నది లెక్కిస్తారు. దీని బలహీనత తెలిసిందే. ప్రశాంతమైన గదిలో ఒక్క మనిషితో గంటసేపు నెట్టుకురావడం బాగా కప్పిపుచ్చుకునేవాళ్లకు కష్టమేం కాదు. కాబట్టి ఏడాస్-2 ఒక్కటే చేసి "లేదు" అని చెప్పే చోటు నమ్మకండి. అదొక్కటే చేసి "ఉంది" అనే చోటు కూడా అంతే.

బాల్యానికి ఏడీఐ-ఆర్ అనే ఇంటర్వ్యూ ఉంది. 93 ప్రశ్నలు, తల్లిదండ్రులతో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఇక్కడ గండి పడేది జ్ఞాపకాల దగ్గర. ఇరవై ఏళ్ల తర్వాత "చిన్నప్పుడు బంగారంలా ఉండేవాడు, ఏ గొడవా లేదు" అంటారు. బొమ్మలతో ఆడేవాడా, వరసగా పేర్చేవాడా? పుట్టినరోజు నాడు మంచం కిందకి దూరాడా? అని విడివిడిగా అడిగితే అప్పుడు బయటికొస్తాయి. వెళ్లేముందు ఇంట్లో ఉన్న పాత వీడియోలు, స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన మాటలు బయటికి తీయండి. "చదువులో చురుకు, కలవడు" అన్న ఒక్క వాక్యం జ్ఞాపకం కన్నా గట్టి సాక్ష్యం. తల్లిదండ్రులు లేకపోతే అన్నయ్యో పిన్నో చెప్పినా చెల్లుతుంది. ఎవరూ లేకపోయినా మంచి నిపుణులు అంచనా ఆపరు.

ఫోన్‌లోనే అడిగి తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పద్దెనిమిది దాటినవాళ్లను ఎంత తరచుగా చూస్తారు? చాలాచోట్ల పిల్లల మీదే చెయ్యి తిరిగి ఉంటుంది. ఎంతమంది చూస్తారు, ఎన్ని సిట్టింగులు? బాల్య చరిత్ర ఎవరి దగ్గర తీసుకుంటారు? ఆందోళన, ఏడీహెచ్‌డీ వంటివి కూడా చూస్తారా? రాతపూర్వక రిపోర్టు ఇస్తారా? "ఇరవై నిమిషాల్లో తేల్చేస్తాం" అన్నా, రక్తం, వెంట్రుక, మెదడు స్కాన్‌తో ఆటిజం పట్టేస్తామన్నా ఫోన్ పెట్టేయొచ్చు. నిర్ధారణ కోసం రక్త పరీక్షలు, జన్యు పరీక్షలు, స్కాన్‌లు మామూలుగా వాడొద్దని నైస్ మార్గదర్శకాలు చెబుతాయి. కీలేషన్ (ఒంట్లోని లోహాలను మందుతో బయటికి పంపడం), హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనం ఉన్న గదిలో ఆక్సిజన్ ఇవ్వడం) లాంటి "చికిత్సలు" అంటగట్టే చోటికైతే అసలు వెళ్లొద్దు.

రిపోర్టు చేతికొచ్చాక మొదటి పేజీలో ఉంది, లేదు చూసి మూసేయకండి. మొదటి వర్గంలోని మూడు అంశాలకూ, రెండో వర్గంలోని నాలుగింటికీ ఒక్కోదానికి మీ జీవితంలోంచి ఉదాహరణ రాశారా చూడండి. స్కోర్లు మాత్రమే ఉండి ఉదాహరణలు లేకపోతే మళ్లీ రాసిమ్మని అడగండి. "లేదు" అని రాస్తే, మరి ఈ ఇబ్బందులకు కారణమేమిటో కూడా రాయాలి. "ఉంది" అని రాస్తే, కాలేజీలోనో ఆఫీసులోనో ఏ మార్పులు అడగాలో రాయాలి: పరీక్షకు నిశ్శబ్దమైన గది, నోటిమాటగా కాక రాసిచ్చే సూచనలు, టైంటేబుల్ మార్పు ముందురోజే చెప్పడం లాంటివి. నిర్ధారణ కాగితాన్ని కాలేజీకో ఆఫీసుకో ఇవ్వాలనుకుంటే, మొత్తం రిపోర్టు కాకుండా ఈ సిఫారసులతో ఒక పేజీ లేఖ విడిగా ఇమ్మనండి. ఇరవై పేజీల్లో మీ బాల్యమంతా హెచ్ఆర్ ఫైల్లో ఉండక్కర్లేదు.